ఇంటి గ్రంథాలయము: బడిలో చదివిన నవల



గడచిన మాసమున నీ శీర్షికక్రింద మిమ్ము నొక ప్రశ్న యడిగితిని. బడిలోనో కళాశాలలోనో పాఠ్యముగా చదివిన తెలుగునవలలలో నేది మీ మనస్సున నేటికిని నిలిచియున్నది? పరీక్షకు వ్రాసిన జవాబు వేరు. మీలో మీరు చెప్పుకొన్న జవాబు వేరు. ఆ రెండవదానిని వ్రాసి పంపుడని కోరితిని. మార్కాపురము, గిద్దలూరు, కంభము, తర్లుపాడు, ఎఱ్ఱగొండపాలెము మొదలగు మా చుట్టుప్రక్కల తావులనుండి ఉత్తరములు వచ్చినవి. అన్నిటిని ప్రకటించుటకు తావు చాలదు. రెండింటిని గూర్చి వ్రాసి, పిమ్మట మా యింటి సంగతి యొకటి చెప్పెదను. ఇతరులను జవాబు లడిగి నేను మాత్రము తప్పించుకొనుట న్యాయము కాదు గదా.

మా సీమ నెఱుగని సోదరీమణులకొఱ కొక మాట. గుంటూరునుండి గుంతకల్లు పోవు రైలుమార్గమున నల్లమల సమీపించుచుండగా మా యూళ్లు వచ్చును. 1970వ సంవత్సరమున ఒంగోలు ముఖ్యపట్టణముగా క్రొత్త జిల్లా యేర్పడువఱకు మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. వాన తక్కువ, నీటికి వెదుకులాట యెక్కువ. కంభము చెరువు నిండిన యేడు మాకు పండుగ. మార్కాపురము పేరు చెప్పగానే పెద్దలకు గుర్తువచ్చునది చెన్నకేశవస్వామి కోవెల. పిల్లలకు గుర్తువచ్చునది పలక. మా నేలలోని నల్లరాతిని పొరలుపొరలుగా చీల్చి, నునుపుచేసి, కొయ్యచట్రములు బిగించి దేశమంతటికి పంపిరి. నోటుపుస్తకములు వచ్చినపిదప పలకల గిరాకి తగ్గినది కాని, మా తరమువా రెందఱో ఓనమాలు దిద్దుకొన్నది ఆ రాతిమీదనే.

పలకయందలి సుగుణము, అందు వ్రాసినదానిని తుడిచివేయవచ్చును. బడిలో చదివిన నవలలనుకూడ మన మట్లే చేసితిమి. పరీక్ష ముగిసెను, తడిగుడ్డతో తుడిచితిమి. కాని గట్టి బలపముతో నొత్తి వ్రాసినచోట గీత మిగిలిపోవును. ఎండలో నేటవాలుగా పట్టి చూచిన నది కనబడును. నాకు వచ్చిన యుత్తరము లట్టి గీతలు.

మొదటి యుత్తరము గిద్దలూరు సోదరిది. ఆమె బడిలో చదివినది కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రములోని భాగము. 1878వ సంవత్సరమున వివేకవర్ధని పత్రికలో వెలువడుట కారంభమై, 1880లో పుస్తకరూపము దాల్చిన యీ గ్రంథమునుండియే తెలుగునవల నడక నేర్చినదని మన మెల్లరము చదివియున్నాము. ఆంగ్లమున గోల్డ్‌స్మిత్తు 1766లో ప్రకటించిన వేక్‌ఫీల్డు మతాచార్యుని కథ దీనికి ప్రేరణ యైనను, పంతులుగారు కథను ధవళేశ్వరమునకు తెచ్చి గోదావరినీటితో తడిపిరి. అందు రాజశేఖరుడు బంగారము చేయుదునని నమ్మబలికిన బైరాగిచేత మోసపోవును. ఇంటిలోని వెండి బంగారములు వానిపాలగును.

గిద్దలూరు సోదరి వ్రాయుచున్నది: "రాజశేఖరుని మూఢవిశ్వాసమును గూర్చి వ్రాయుమని పరీక్షలో నడిగిరి. అయిదుమార్కులకు అయిదు వచ్చినవి. ఇంటికి వచ్చి మా నాయనకు చెప్పి నవ్వితిని. పెండ్లియైన పదియేండ్లకు మా పొలములో వరుసగా మూడు బోరులు వేయించితిమి. మూడింటను దుమ్మే వచ్చినది. అప్పు మిగిలినది. అప్పు డొకడు వచ్చి, కొండదాపున నిక్షేప మున్నదనియు, పూజ చేసినచో చేతికందుననియు చెప్పెను. మా వారికి తెలియకుండ నా నాలుగుగాజులు తీసి వానిచేతిలో పెట్టితిని. వాడు మరల రాలేదు. ఆరునెలలకు పెట్టె సర్దుచుండగా ఆ నవల కనబడెను. రాత్రి కూర్చుండి తొలినుండి చదివితిని. ఈ తడవ నవ్వు రాలేదు. బడిలో రాజశేఖరుడు తెలివితక్కువవాడని వ్రాసితిని. ఆయన తెలివితక్కువవాడు కాడమ్మా. ఇబ్బందిలో నున్న మంచివాడు. ఆ సంగతి నా గాజులు పోయినగాని నాకు తెలియలేదు."

ఈ యుత్తరము చదివి నేనుకూడ గ్రంథమును మరల తీసితిని. సోదరి చెప్పినది యథార్థము. పంతులుగారు మోసమును ఒక బుద్ధిహీనునికి తగిలించియుండవచ్చును. అప్పుడు మనము నవ్వి యూరకుందుము. అట్లు చేయక, చదువుకొన్నవాడును దాతయు భార్యాబిడ్డలయెడ ప్రేమగలవాడును ఐన గృహస్థునికి తగిలించిరి. ఎంతటివాని యింటిగడపనైనను బైరాగి దాటగలడని చెప్పుటయే వారి యుద్దేశము. "మూఢవిశ్వాసము తగదు" అను జవాబు తప్పుకాదు. కాని అది గ్రంథములో సగము మాత్రమే. మిగిలిన సగము, అవసరము మనుష్యుని కన్ను లెట్లు కట్టివేయును అనునది. నేటి బైరాగులు కాషాయమే కట్టనక్కఱలేదు. రూకలు రెట్టింపు చేయుదుమని చేతిఫోనులో పలుకరించువారును వారి బంధువులే. ఆ సోదరి పిమ్మట భర్తకు జరిగినదంతయు చెప్పినదట. ఆయన చాలసేపు మాటలాడక, తుదకు, "నేనును వానికి కొంత యిచ్చితిని, నీకు చెప్పలేదు" అనెనట. ఆ రాత్రినుండి వారిరువురును అప్పులపద్దు ఒకేచోట వ్రాసికొనుచున్నారు. ఒక నవల యింటిలో ఇంతపని చేసినచో మరి యేమి కావలయును?

రెండవ యుత్తరము కంభమునుండి వచ్చినది. ఈమెయు నదే నవలను గూర్చి వ్రాసినది. కాని చూపు వేరు. ఈ సోదరికి ఇరువదియవ యేటనే భర్త పోయెను. రాజశేఖరుని పెద్దకూతురు రుక్మిణి కథ మీకు జ్ఞాపక ముండును. భర్త నృసింహస్వామి మరణించెనని వార్త వచ్చును. త్రోవలో దొంగలు కొట్టగా నామె చనిపోయినదని తలంచి తలిదండ్రులు సాగిపోవుదురు. ఆమె బ్రతికి, పురుషవేషమున దినములు గడపును. తుదకు భర్త సజీవుడై తిరిగివచ్చును. అందఱు నొకచోట చేరుదురు.

"బడిలో నీ కథ నాకు మిక్కిలి నచ్చెను," అని యామె వ్రాసినది. "భర్త తిరిగివచ్చినచోట చప్పట్లుకూడ కొట్టితిమి. నాకు ఆ గతి పట్టినపిదప పుస్తకమును ముట్టలేదు. ఇటీవల మా చెల్లెలి కూతురు చదువుచుండగా వింటిని. నాకు కోపము వచ్చెను. రుక్మిణికి నృసింహస్వామి తిరిగివచ్చెను. నాకు రాడు. వైధవ్యపు కష్టమును చూపదలచిన పంతులుగారు, దానినుండి తప్పించుటకు చచ్చినవానిని బ్రతికించవలసివచ్చెనా? కాని యొకటి చెప్పెదను. రుక్మిణి మగవేషమున ఒంటరిగా నడచిపోవుచున్నచోట నేను వినుచున్న పని మాని కూర్చుంటిని. ఎక్కడికి, ఎందులకు, ఎవరితో అని యడుగువారు లేక వీధిలో నడచుట! నా కా నవలలో నచ్చినది అది యొక్కటే. ఇట్లు వ్రాయుట తప్పా?"

తప్పు కాదు సోదరీ. మీ కోపమును తప్పు కాదు; మీకు నచ్చినదియు తప్పు కాదు. కాని ఆ కోపమున కొక జవాబు నవల వెలుపల కలదు. పుస్తకము వెలువడిన మరుసటియేడు, 1881 డిసెంబరు 11వ తేదీన, రాజమహేంద్రవరమున పంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించిరి. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. నవలలో చచ్చెననుకొన్న భర్తను బ్రతికించిన చేతులే, లోకములో, చచ్చిన భర్త రాకపోయినను స్త్రీ బ్రతుకవచ్చునని చూపినవి. అప్పుడు వారి యింటికి వంటవారు రామనిరి; నీళ్లు మోయువారు మానిరి. పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే వండిరి. గోదావరినుండి తామే నీళ్లు మోసిరి. పుస్తకము చేయలేని పనిని ఆ బిందె చేసినది. కావున కథ ముగిసినచోట కోపము వచ్చినచో, దానిని మ్రింగివేయకుడు. ఆ కోపము మిమ్మును కథ వెలుపలకు తీసికొనిపోయి మిగిలిన సంగతి వెదకించును.

ఇక మా యింటి సంగతి.

మా అమ్మాయి కళాశాలలో తెలుగుసాహిత్యము చదువుచున్నది. మొన్న మిరపకోతల నాళ్లలో సెలవులకు వచ్చి, ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లిని వసారాలో కూర్చుండి పైకి చదువుచుండెను. ఈ గ్రంథము చరిత్ర మీకు తెలియనిదైనచో వినుడు. 1921లో పల్నాటి ప్రజలు అడవిలో పశువుల మేతకై కట్టవలసిన పుల్లరిని ప్రతిఘటించిరి. ఆ సత్యాగ్రహసందర్భమున ఉన్నవవారు చెరసాలకు పోయి, వేలూరు చెఱలో దీనిని వ్రాసిరి. నల్లమల మేతలు తెలిసిన మా ప్రాంతమువారికి ఆ పుల్లరిమాట వివరింప నక్కఱలేదు. పల్నాడు మా పొరుగే. సంగవిజయమను మారుపేరుగల ఆ నవల 1922లో వెలువడెను. మరుసటియేడే మదరాసు ప్రభుత్వము నిషేధించెను. 1928లో కొన్ని మార్పులతో విడుదలకు సమ్మతించెను. 1936లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దానిని పాఠ్యగ్రంథముగా నేర్పఱుపగా మరల నిషేధము వచ్చినది. రాజాజీగారి మంత్రివర్గ మేర్పడిన 1937లోగాని అది తొలగలేదు. పాఠ్యపుస్తకము నిద్ర తెప్పించునని పిల్లలు వేళాకోళము చేయుదురు; ఒక ప్రభుత్వమునకు పాఠ్యపుస్తకమువలన నిద్ర పట్టని కాలముకూడ నుండెను. ఇంకొక ముచ్చట: ఉన్నవవారును వారి ధర్మపత్ని లక్ష్మీబాయమ్మగారును గుంటూరున స్త్రీవిద్యకై శారదానికేతనమును నెలకొల్పినదియు ఆ 1922వ సంవత్సరమే.

అమ్మాయి సంగదాసు మరణఘట్టము చదువుచుండెను. సంగదాసు మాలపల్లె రామదాసుగారి కుమారుడు, చౌదరయ్యగారి పాలేరు, కూలివారి పక్షమున నిలిచినవాడు. చౌదరయ్య కోపమున కొట్టిన దెబ్బకు ప్రాణములు విడుచును. చేనిలో పనిచేసి, మధ్యాహ్నమున మజ్జిగకై వచ్చిన కూలియామె మెట్టుమీద కూర్చుండి వినుచుండెను. ఇరువది యేండ్లుగా మా చేనికి వచ్చుచున్న మనిషి. చదువు రాదు. వినివిని, "పాపా, కొట్టినోన్ని ఏం జేసినారు?" అని యడిగెను.

అమ్మాయి కొంచెము తడబడి, సంగదాసు అన్న వెంకటదాసు సంగతి చెప్పెను. అతడు తక్కెళ్ల జగ్గడను పేర ధనికులను దోచి పేదలకు పంచెననియు, తుదకు చెరసాలలో మరణించెననియు చెప్పెను.

"అన్న జైలుకు పాయె, తమ్ముడు మన్నులోకి పాయె. నేనడిగింది కొట్టినోని సంగతి గదా," అని యామె నవ్వెను. ఆ నవ్వు నే నిదివఱ కెఱుగనిది.

అమ్మాయి పుటలు త్రిప్పెను. తన ప్రశ్నోత్తరముల పుస్తకములో సంగదాసు శీలమును గూర్చి ప్రశ్న కలదు. ఉన్నవవారి సంస్కరణదృష్టిని గూర్చి కలదు. ఆ ప్రశ్న మాత్రము లేదు. అప్పుడు నేను మజ్జిగచెంబుతో నిలుచున్నాను. పోయుచు పోయుచు నా చేతివంక చూచితిని. నా చేయి జానెడు పైకి లేచియున్నది. ఆమె గ్లాసు, గోడమీద వేరుగా నుంచునది, క్రింద నున్నది. నా చెంబు దానికి తగులకుండ పైనుండి ధార పడుచున్నది. ఇరువది యేండ్లుగా అట్లే పోయుచున్నాను. ఎవ్వరును నాకు నేర్పలేదు. మా అత్తగారి చేయి అట్లు లేచుచుండెను, నాదియు లేచినది. నేనుకూడ కళాశాలలో నీ నవల చదివితిని. "అస్పృశ్యతానివారణము ఈ గ్రంథమునకు ప్రాణము" అని వ్రాసి మంచిమార్కులు తెచ్చుకొంటిని. ఆ వాక్యము వ్రాసిన చేయియు ఈ చేయియు నొక్కటే.

నాకు సిగ్గు కలిగెను. మరునాడు ఆమెకు మా యింటిగ్లాసుతో మజ్జిగ యిచ్చితిని. ఏదో ఘనకార్యము చేసితి ననుకొంటిని. ఆమె గ్లాసువంక చూచి, నావంక చూచి, త్రాగి, కడిగి, అరుగుమీద పెట్టెను. పిమ్మట నిదానముగా, "గ్లాసు మార్చినావు, బాగుందమ్మా. మగోళ్లతో సమానంగా వంగి కోస్తుంటిమి. కూలి మాత్రం మాకు తక్కువే ఇస్తుంటిరి. అది గుడక మార్చరాదూ?" అనెను.

చూచితిరా సోదరీమణులారా! నేను నవలను విని గ్లాసువద్ద ఆగితిని. చదువురాని యామె నవలయొక్క నడుబొడ్డును పట్టుకొనెను. సంగదాసు ప్రాణము పోయినది మజ్జిగకొఱకు కాదు, కూలివారి న్యాయముకొఱకు. నేను చదివినప్పు డది నాకు కనబడలేదు. కూలి యిచ్చు పక్షమున కూర్చుండి చదివితిని గనుక.

ఆ రాత్రి మా వారితో చెప్పితిని. ఆయన తొలుత, "ఊరిలో నందఱు నెట్లిచ్చిన మనము నట్లే. మన మొక్కరమే పెంచినచో ప్రక్కచేలవారు ఊరకుందురా?" అనిరి. అందులో నిజము లేకపోలేదు. మిరప ధర పడిపోయిన యేడు మా చేతికి పెట్టుబడియు రాదు. నేను వాదింపలేదు. అమ్మాయి చదివిన పుటలనే మరల చదువుమంటిని. ఆయన విని, మాటలాడక పడుకొనిరి. రెండుదినములకు మా చేనిలో కోతకు వచ్చు స్త్రీలకును పురుషులతో సమానముగ నిచ్చుటకు ఒప్పుకొనిరి. ఈ కోతవఱకేనని చెప్పిరి. వచ్చుకోతనాటికి ఏమగునో చూడవలయును. ప్రక్కచేని యజమానురాలు నాతో మాటలాడుట తగ్గించినది. కావున గెలిచితినని వ్రాయను. మొదలు పెట్టితినని వ్రాసెదను.

ఇందు నేను గ్రహించిన దొక్కటే. పాఠ్యముగా చదివిన నవల అసంపూర్ణముగా చదివిన నవల. అది ఉపాధ్యాయుల లోపము కాదు. పదునాఱేండ్ల బాలికకు గాజు లమ్ముకొనవలసిన అప్పు తెలియదు, వైధవ్యము తెలియదు, కూలిపద్దు తెలియదు. పుస్తకము తన పాలు తాను చెప్పి యుంచును. మన పాలు మన బ్రదుకు కలుపవలయును. కావున బడిలో మూసిన పుస్తకమును ఇరువదియేండ్లకో ముప్పదియేండ్లకో మరల తెఱవుడు. వీలైనచో ఒంటరిగా కాక పైకి చదువుడు. ఇంటిలోనివారేకాక మెట్టుమీద కూర్చున్నవారుకూడ వినునట్లు చదువుడు. వారడుగు ప్రశ్నకు మీకు జవాబు తోచకపోయినచో సిగ్గుపడకుడు. ఆ ప్రశ్ననే నాకు వ్రాసి పంపుడు.

వచ్చుమాసమునకు ప్రశ్న యిది: మీరు బడిలో చదివిన నవలలో, పరీక్షలో నెవ్వరు నడుగని పాత్ర యేది? తల్లియో, పనికత్తెయో, పేరైనను లేని ముసలమ్మయో. ఆమెను గూర్చి పదిపంక్తులు వ్రాయుడు. సంగదాసు తల్లి మహాలక్ష్మిని గూర్చి నేను వ్రాయదలచితిని. కొడుకును పోగొట్టుకొన్న ఆ తల్లిని గూర్చి నా కళాశాలలో నెవ్వరును నన్ను ప్రశ్న యడుగలేదు. మా చేనికి వచ్చు నామె మాత్రము నిన్న అడిగినది: "ఆ పిల్లోని అమ్మ ఏమాయె, పాపా?"

అమ్మాయి చదువుచున్నది. మే మిద్దఱము వినుచున్నాము.